సెల్ఫ్ మోటారు కొనే ముందు ఎర్త్ బోల్టు విప్పి చూడండి

ప్రశ్న: భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు పక్కన ఒక రెసిడెన్షియల్ స్కూల్లో తోటపని చూసుకుంటాను. కూర్చుని నడిపే గడ్డి కోత బండి ఉంది. 17.5 హార్స్ పవర్, సింగిల్ సిలిండర్ పెట్రోలు ఇంజను. ఫిబ్రవరిలో ఆపి షెడ్డులో పెట్టాం. జూన్‌లో వానలు పడి గడ్డి లేచాక తీస్తే స్టార్ట్ కావట్లేదు. ఒక్కోసారి తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. ఒక్కోసారి ఇంజను బాగానే తిరుగుతుంది గానీ అందుకోదు. మరోసారి అర చుట్టు తిరిగి బిగుసుకుపోతుంది. కొత్త బ్యాటరీ వేశాం, ప్లగ్ మార్చాం. సెల్ఫ్ మోటారు పోయిందని, మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా?

సమాధానం: అప్పుడే మార్చకండి. మీరు రాసిన లక్షణాల్లో సెల్ఫ్ పోయిందని తేల్చి చెప్పేది ఒక్కటీ లేదు. ఇంజను బాగానే తిరిగిన రోజులున్నాయంటే మోటారుకు తిప్పే సత్తా ఉందనే అర్థం. మీ బండికి కనీసం రెండు జబ్బులున్నాయి, మూడోది కూడా ఉండొచ్చు. కరెంటు సెల్ఫ్ దాకా సరిగ్గా అందకపోవడం ఒకటి. నాలుగు నెలలు కార్బరేటర్లో నిలవున్న పెట్రోలు రెండోది. రెండూ కలిసి ఉన్నప్పుడు ఒకదాన్ని బాగుచేసినా బండి లేవదు. దాంతో చేసిన పని దండగేమో అనిపించి ఇంకో సామాను కొంటారు. బ్యాటరీ విషయంలో మీకు జరిగింది అదే.

అన్నిటికంటే ముందు, మళ్ళీ తాళం తిప్పకుండా ఒక పని చెయ్యండి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, మట్టం చూడండి. పెట్రోలు వాసన వస్తున్నా, మట్టం పై గీత దాటి ఉన్నా తాళం జోలికి వెళ్ళకండి. కార్బరేటర్లో ఫ్లోటు నీడిల్ (పెట్రోలు నిండగానే దారి మూసే చిన్న సూది) సరిగ్గా మూసుకోకపోతే ట్యాంకులోని పెట్రోలు చుక్కచుక్కగా సిలిండర్లోకి, అక్కణ్ణించి ఆయిల్లోకి దిగుతుంది. సిలిండర్ నిండా పెట్రోలు ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ ఖర్చు ముందు సెల్ఫ్ మోటారు ధర లెక్కలోకే రాదు. అనుమానం ఉంటే ప్లగ్ విప్పి, క్యాప్‌ని ఆ రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనేలా పెట్టి, ఫ్లైవీల్‌ని (ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం) చేత్తో రెండు మూడు చుట్లు తిప్పండి. పెట్రోలు చిమ్మితే జబ్బు దొరికినట్టే. ఆయిల్ మొత్తం దించి కొత్తది పొయ్యాలి. ఈ తరహా ఇంజన్లకు సుమారు 1.4 లీటర్లు పడుతుంది, డిప్‌స్టిక్ చూసుకుంటూ పొయ్యండి. నీడిల్ కూడా మార్చాలి. అది మార్చకుండా ఆయిల్ ఒక్కటే మారిస్తే వారం తిరక్కుండా మళ్ళీ ఇదే పరిస్థితి.

ఆయిల్ బాగానే ఉందనుకుందాం. బండిని ఆరుబయట చదునైన చోట నిలపండి. గేరు న్యూట్రల్, పార్కింగ్ బ్రేకు వెయ్యాలి, బ్లేడ్ల స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. కింద చెయ్యి పెట్టే పని ఏదైనా ఉంటే ప్లగ్ క్యాప్ పీకి పక్కకు కట్టెయ్యండి. పిల్లలు తిరిగే ఆవరణ కదా, తాళంచెవి పని చేస్తున్న మనిషి జేబులోనే ఉండాలి. ఒక మల్టీమీటరు, 10, 13 మి.మీ. స్పానర్లు, ప్లగ్ స్పానరు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు), వైరు బ్రష్, కార్బరేటర్ క్లీనర్ స్ప్రే ఉంటే దాదాపు అంతా అయిపోతుంది.

ముందు ‘టక్’ సంగతి. ఆ చప్పుడు సోలినాయిడ్‌ది, అంటే తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటుని సెల్ఫ్‌కి కలిపే స్విచ్‌ది. మీ దగ్గర కొందరు దాన్ని రిలే అంటారు. అది మోగిందంటే ఫ్యూజు, తాళం స్విచ్, బ్రేకు స్విచ్, బ్లేడు స్విచ్ అన్నీ దాటి కరెంటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. కాబట్టి టక్‌మన్న రోజున ఆ స్విచ్‌లన్నీ విప్పి కూర్చోవక్కర్లేదు. చూడాల్సింది బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా వెళ్ళే లావు కేబుళ్ళు, వాటి చివర్లు, ఎర్త్ (కరెంటు ఇంజను, ఛాసిస్ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి).

మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టి బ్యాటరీ మీద చూడండి. బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఆపైన ఉండాలి. 12.4 కంటే తగ్గితే కొత్త బ్యాటరీ అయినా సరే ముందు ఛార్జింగ్ పెట్టించండి. షాపులో నెలల తరబడి ఉన్న బ్యాటరీ సగం ఖాళీగా వస్తుంది, ఆ తర్వాత మీరు స్టార్ట్ చెయ్యడానికి పడ్డ పాట్లలో మిగిలిన సగం అయిపోయి ఉంటుంది. 3, 4 ఆంపియర్ల దగ్గర నిదానంగా రాత్రంతా ఎక్కించమనండి. గంటలో ఎక్కించి ఇస్తామంటే ఒప్పుకోకండి, చిన్న బ్యాటరీ ప్లేట్లు ఆ వేడికి పాడవుతాయి.

ఇప్పుడు ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. టక్‌మన్న ఆ క్షణంలో బ్యాటరీ వోల్టేజి ఎంతకు దిగిందన్నదే అసలు సాక్ష్యం. 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనం, లేదా ఇంజను బిగుసుకుంది, లేదా సెల్ఫ్ లోపల షార్ట్ ఉంది. 12 దగ్గరే కదలకుండా నిలబడితే బ్యాటరీ తన కరెంటు ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, దారిలో ఎక్కడో తెగింది. మీది రెండో రకమే అయ్యుంటుంది. ఒకరోజు పనిచేసి మరో రోజు పనిచెయ్యకపోవడం వదులు జాయింట్ల లక్షణం.

ఆ తెగిన చోటు కనుక్కోవడానికి దేన్నీ విప్పక్కర్లేదు. మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ సీసపు గుబ్బ మీద పెట్టండి, దాని మీద బిగించిన క్లాంపు మీద కాదు. నల్ల వైరు సెల్ఫ్ మోటారు బోల్టుకి ఆనించండి. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ మేరకు కరెంటు దారిలోనే పోతోంది. అప్పుడు మధ్యలో సోలినాయిడ్ రెండు లావు బోల్టుల మధ్య విడిగా చూస్తే దోషం కేబుల్‌దా, సోలినాయిడ్‌దా తేలిపోతుంది. తర్వాత ఎర్త్ వైపు: బ్యాటరీ మైనస్ గుబ్బకీ, ఇంజను మీద పెయింటు లేని లోహానికీ మధ్య. ఇక్కడ తాళం తిప్పినప్పుడు 0.3 వోల్టు దాటకూడదు.

సముద్రం దగ్గరి బళ్ళలో ఎక్కువగా దొరికిపోయేది ఈ ఎర్త్ వైపే. నల్ల కేబుల్ బ్యాటరీ నుంచి వెళ్ళి ఛాసిస్‌కి ఒక్క బోల్టుతో బిగిసి ఉంటుంది, చాలా బళ్ళలో బ్యాటరీ ట్రే కిందో సీటు వెనకో. పైనుంచి చూస్తే బోల్టు బాగానే కనిపిస్తుంది. విప్పి కేబుల్ కన్ను (చివర బోల్టు దూరే రింగు) తిప్పి చూడండి. ఇత్తడి రంగు ఉండాల్సిన చోట ఆకుపచ్చ చిలుము, దాని కింద ఛాసిస్ మీద పొరలు లేచిన తుప్పు, మధ్యలో తెల్లటి ఉప్పు పొడి. మీటరుతో ఊరికే కంటిన్యూటీ చూస్తే బీప్ కొడుతుంది, ఎందుకంటే ఆ పరీక్షకి పిసరంత కరెంటు చాలు. సెల్ఫ్‌కి వంద ఆంపియర్లకు అటూ ఇటూ కావాలి, అంత కరెంటు ఆ చిలుము గుండా పోదు. టెస్ట్ ల్యాంపు వెలిగింది కాబట్టి వైరింగ్ బాగుందని చెప్పే మెకానిక్‌లు పొరబడేది ఇక్కడే.

బాగుచెయ్యడం తేలిక. ముందు మైనస్ కేబుల్ విప్పండి, ఆ తర్వాతే ప్లస్. బ్యాటరీ గుబ్బల మీది పొడిని వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి కడగండి, నీళ్ళు సెల్స్‌లోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. ఛాసిస్ మీద రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద వైశాల్యంలో పెయింటు, తుప్పు గీకి లోహం మెరిసేదాకా ఎమెరీ పేపరుతో రుద్దండి. కేబుల్ కన్ను కూడా అలాగే. పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించి, బిగించాక పైన గ్రీజు పూయండి. ముందే గ్రీజు పూసి బిగించకూడదు. కేబుల్ చివర రెండంగుళాలు వంచి చూడండి. కరకరమంటూ గట్టిగా తగిలితే లోపల రాగి నల్లబడి పొడైపోయింది, పైన ఎంత తోమినా లాభం లేదు. గాజువాక ఆటోనగర్‌లో ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా అంతే లావు రాగి కేబుల్‌కి కొత్త కళ్ళు ప్రెస్ చేయించుకోవచ్చు. కన్నుని సుత్తితో నొక్కి ఇస్తే తీసుకోకండి, క్రింపింగ్ టూల్‌తో వెయ్యమనండి.

సోలినాయిడ్ రెండు లావు బోల్టుల మధ్యే వోల్టేజి పోతోందని తేలితే దాన్ని మార్చండి. లోపల రాగి బిళ్ళ కాలిపోయి ఉంటుంది, దానికి మరమ్మతు లేదు. పాతది చేత్తో పట్టుకెళ్ళి సరిపోల్చి కొనండి. సన్న టెర్మినళ్ళు ఒకటి ఉన్నవి, రెండు ఉన్నవి దొరుకుతాయి. ఒకటే ఉన్నదానికి బాడీయే ఎర్త్. తారుమారైతే అసలు టక్ కూడా అనదు. కొనే ముందు ఇంకొకటి చూడండి. తాళం తిప్పినప్పుడు సన్న టెర్మినల్ దగ్గర వోల్టేజి బ్యాటరీతో దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి రెండు వోల్టులు తక్కువగా ఉంటే సోలినాయిడ్ నిర్దోషి, తాళం స్విచ్ వెనకో, బ్రేకు పెడల్ స్విచ్‌లోనో చిలుము పట్టింది. ఈ పరీక్షల్లో కరెంటు సెల్ఫ్ బోల్టు దాకా నిండుగా వస్తూ ఉండి, ఇంజను చేత్తో తేలిగ్గా తిరుగుతూ ఉండి, అప్పుడు కూడా మోటారు కదలకపోతే మీ మెకానిక్ మాట నిజం. అప్పుడు మార్చండి. దానికంటే ముందు మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు వేయిస్తే చాలేమో అడగండి.

ఒక మనవి. స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ రెండు బోల్టులూ కలిపి స్టార్ట్ చెయ్యడం చాలామంది చేస్తారు. అలా చేస్తే బ్రేకు, బ్లేడు స్విచ్‌లతో సంబంధం లేకుండా ఇంజను లేస్తుంది. గేరులో ఉంటే బండి కదిలిపోతుంది. అలాగే సీటు స్విచ్ పాడైతే రెండు వైర్లూ మెలిపెట్టి డైరెక్ట్ చేసేస్తారు. మనిషి దిగినప్పుడు బ్లేడు ఆగేది ఆ స్విచ్ వల్లనే. బడి మైదానంలో నడిచే బండికి ఆ పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి. స్విచ్ కొత్తది దొరికేదాకా బండి ఆగితే ఆగనివ్వండి, గడ్డి ఇంకో వారం పెరుగుతుంది, అంతే.

ఇక తిరుగుతుంది గానీ అందుకోవట్లేదన్న సంగతి. ఐదారుసార్లు ప్రయత్నించాక ప్లగ్ విప్పి చూడండి. ఒక్కోసారి ఐదు సెకన్ల కంటే ఎక్కువ తిప్పకండి, మధ్యలో ఒక నిమిషం ఆగండి, లేకపోతే సెల్ఫ్ కాలి మెకానిక్ మాట నిజమవుతుంది. ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు లేదా పెట్రోలే పనికిరానిది. పొడిగా ఉంటే ప్లగ్ రంధ్రంలో ఒక చెంచాడు తాజా పెట్రోలు పోసి, ప్లగ్ బిగించి, ఒలికిందేదైనా తుడిచి, ఆవిరి పోయాక తిప్పండి. రెండు మూడు సెకన్లు మోగి ఆగిపోతే నిప్పు, కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) రెండూ బాగున్నట్టే. లోపం కార్బరేటర్ వైపే ఉంది.

మీ బండికి జరిగింది ఇదే అనుకుంటున్నాను, దానికి కారణం ఉంది. ఇప్పుడు మన బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇలాంటి బళ్ళకు ఇంజన్లు చేసే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ తన మాన్యువళ్ళలో 10 శాతం వరకే పరవాలేదంటుంది. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. బండి ట్యాంకు మూతకి గాలి రంధ్రం ఉంటుంది, మీ షెడ్డు సముద్రపు గాలిలో ఉంది. తేమ ఒక హద్దు దాటాక ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. కార్బరేటర్‌కి పెట్రోలు వెళ్ళేది ట్యాంకు అడుగునుంచే. ట్యాంకులోంచి కొంచెం గాజుసీసాలోకి దించి పది నిమిషాలు కదపకుండా వెలుతురుకి పట్టి చూడండి. అడుగున వేరే పొర, మధ్యలో గీత కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యాలి. గీత కనిపించకపోయినా నాలుగు నెలల పెట్రోలు వాడకండి, వాసనే వార్నిష్‌లా మారిపోయి ఉంటుంది.

ట్యాంకు ఖాళీ చేశాక ఫిల్టరు మార్చండి, దాని మీది బాణం కార్బరేటర్ వైపు ఉండాలి. తర్వాత కార్బరేటర్ అడుగున గిన్నెలా కనిపించేదే ఫ్లోటు చాంబరు. చాలా ఇంజన్లలో దాన్ని పట్టుకున్న బోల్టే ఒక కరెంటు వాల్వు, దానికి వైరు వచ్చి ఉంటుంది. తాళం ఆన్ చేసినప్పుడు అక్కడ చెవి పెడితే చిన్న టిక్ వినిపించాలి. వినిపించకపోతే ఆ వాల్వు తెరుచుకోవట్లేదు, ఎంత తిప్పినా చుక్క పెట్రోలు పోదు. వైరుకి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి, వస్తుంటే వాల్వు మార్చాలి.

గిన్నె విప్పినప్పుడు కింద గుడ్డ పెట్టుకోండి. అడుగున తేనె రంగు జిగురు, తెల్లటి గరుకు పొడి, కొన్నిసార్లు నీటి బొట్లు కనిపిస్తాయి. అదంతా స్ప్రే కొట్టి తుడవండి. అసలు పని మధ్యలో నిలువుగా ఉన్న మెయిన్ జెట్. దాని రంధ్రం చాలా సన్నం. వెలుతురుకి పట్టి చూస్తే గుండ్రంగా, అంచులు శుభ్రంగా కనిపించాలి. మూసుకుపోతే స్ప్రే కొట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు దూర్చి తియ్యండి. స్టీలు పిన్ను, సూది వాడకండి. రంధ్రం కాస్త పెద్దదైనా ఇంజను ఆ తర్వాత ఎప్పుడూ పొగ కక్కుతూనే ఉంటుంది. రబ్బరు ముక్కల మీద స్ప్రే పడనివ్వకండి, ఉబ్బుతాయి. నీడిల్ చివర గీత పడి ఉంటే దాన్నీ మార్చండి. ముందు చెప్పిన, ఆయిల్లోకి పెట్రోలు దిగే జబ్బు మొదలయ్యేది అక్కడే.

ప్లగ్ తడిసి ఉంటే నిప్పు చూడాలి. ప్లగ్ గ్యాప్ 0.76 మి.మీ. ఉండాలి, కొత్త ప్లగ్ అయినా ఫీలర్ గేజ్‌తో కొలవండి. దాన్ని క్యాప్‌లో పెట్టి, ప్లగ్ రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించి తిప్పితే నీలం రంగు నిప్పు కొట్టాలి. నిప్పు లేకపోతే నిప్పు పుట్టించే కాయిల్ మార్చమని తొందరపడకండి. కాయిల్ నుంచి తాళం స్విచ్ వైపు ఒక సన్న వైరు వెళ్తుంది, ఇంజను ఆపేది ఆ వైరే. పరీక్ష కోసం దాన్ని ఊడదీసి చూడండి. నిప్పు వచ్చిందంటే కాయిల్ బాగుంది, ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని తొడుగు పోయి ఛాసిస్‌కి తగులుతోంది, లేదా షెడ్డులో ఎలుకలు కొరికాయి. నాలుగు నెలలు మూల పడి ఉన్న బండికి ఇది మామూలే. అప్పటికీ నిప్పు లేకపోతే పై కవరు తీసి ఫ్లైవీల్ అయస్కాంతాల మీది తుప్పు ఎమెరీతో తుడిచి, కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య సందు 0.25 నుంచి 0.36 మి.మీ. ఉండేలా ఫీలర్ పెట్టి బిగించండి. ఆ తర్వాతే కాయిల్ కొనే మాట.

మిగిలింది అర చుట్టు తిరిగి బిగుసుకోవడం. ఆయిల్లో పెట్రోలు లేదు, కేబుళ్ళు శుభ్రం, బ్యాటరీ నిండుగా ఉంది, అయినా ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతోందనుకోండి. ప్లగ్ విప్పి తిప్పి చూడండి. అప్పుడు గిర్రున తిరిగితే టాపెట్ల సందు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) పెరిగిందని గట్టి అనుమానం. ఈ ఇంజన్లలో స్టార్టింగప్పుడు మాత్రం కంప్రెషన్ కాస్త వదిలెయ్యడానికి కామ్ షాఫ్ట్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది, అది వాల్వుని కొద్దిగా ఎత్తి పెడుతుంది. టాపెట్ సందు పెరిగితే ఆ కొద్దిపాటి ఎత్తు సందులోనే పోతుంది, వాల్వు తెరుచుకోదు, పూర్తి కంప్రెషన్ మీద సెల్ఫ్ ఆగిపోతుంది. చూసేవాళ్ళకి అచ్చం బ్యాటరీ చచ్చినట్టో మోటారు పోయినట్టో ఉంటుంది. ఇలాంటి బళ్ళకు అనవసరంగా కొన్న సెల్ఫ్ మోటార్లలో చాలావాటికి కారణం ఇదే.

సెట్టింగు ఇంజను చల్లగా ఉన్నప్పుడు చెయ్యాలి. ప్లగ్ తీసి, వాల్వు కవరు విప్పి, పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చాక అక్కణ్ణించి ఇంకో 6 మి.మీ. కిందికి దిగేదాకా ఫ్లైవీల్ తిప్పండి. బ్రిగ్స్ సింగిల్ సిలిండర్ ఇంజన్లలో ఎక్కువవాటికి కార్బరేటర్ వైపు వాల్వుకి 0.08 నుంచి 0.13, సైలెన్సర్ వైపు దానికి 0.13 నుంచి 0.18 మి.మీ. ఉండాలి. మీ ఇంజను మీది మోడల్ నంబరు చూసి దాని మాన్యువల్ అంకెతో సరిచూసుకోండి. బైక్ టాపెట్లు సెట్ చేసే మెకానిక్ ఎవరైనా ఈ పని చెయ్యగలరు.

బండి లేచాక వెంటనే గడ్డి మీదికి తోలకండి. ఇంజను వేగంగా తిరుగుతుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. 12.6 దగ్గరే ఉండిపోతే ఛార్జింగ్ రావట్లేదు, ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటరు కనెక్టరు ఊడదీసి అందులోని చిలుము చూడండి. వచ్చే ఏడాది బండిని ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, దానంతటది ఆగిపోయేదాకా ఇంజను నడిపించి, బ్యాటరీ మైనస్ విప్పి పెట్టండి. నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి.

ఇవన్నీ చూశాక కూడా లేవకపోతే మళ్ళీ రాయండి. టక్‌మన్నప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎంత, ఎర్త్ వైపు ఎంత పోతోంది, ప్లగ్ తడా పొడా, ఇంజను మోడల్ నంబరు ఏమిటి, ఈ నాలుగూ ఉత్తరంలో ఉంటే మిగతాది ఇక్కణ్ణించే చెప్పగలం.